పెరటి కోళ్ళకు నెలనెలా పురుగుల మందు కొట్టాలా, చూశాకే కొట్టాలా?

భవానీపురం మేడ:
విజయవాడలో మేడ మీద నాటుకోళ్ళు పెంచుకుంటున్నాం. పెట్టలు ఏడెనిమిది, పుంజులు రెండు. ఈమధ్య రెండు పెట్టలకు మెడ వెనక, వీపు మీద ఈకలు పోయి ఎర్రగా చర్మం బయటపడింది. పక్కింటి అంకుల్ ఏమో పశువుల గోమారి (పిడుదు) మందు నీళ్ళలో కలిపి నెలకోసారి కోళ్ళన్నిటినీ ముంచి తీయమంటున్నారు. మా అత్తయ్య అసలు మందు జోలికే వెళ్ళొద్దు, బూడిదలో పొర్లితే అవే బాగుపడతాయి అంటారు. ఆ గుడ్లు మా పిల్లలు తింటారు, అందుకే టెన్షన్‌గా ఉంది. మీరేం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో చెప్పండి.

నల్లపాడు రైతు:
నెలనెలా కొట్టాల్సిందేనమ్మా. మా గుంటూరు పక్కన నా కోళ్ళు గేదెల పాకలోనే పడుకుంటాయి. గోడ నెర్రెల్లో పగలంతా గోమార్లు దాక్కుంటాయి, చీకటి పడితే వచ్చి రక్తం పీలుస్తాయి. తెల్లారి చూస్తే కోడి మీద ఒక్కటీ కనబడదు. తురాయి పాలిపోయి కోడి ఓ మూల ముడుచుకుని కూర్చున్నాక గానీ మనకు తెలియదు. అప్పటికి పిల్లలు సగం పోతాయి. చూశాక కొడదామని ఆగితే ఖాళీ గంపే మిగులుతుంది.

గన్నవరం వెటర్నరీ విద్యార్థి:
బాబాయ్ గారూ, గోమార్ల గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ పగలంతా అవి గోడలో ఉంటే కోడిని ముంచి ఏం లాభం? మందు పడాల్సింది గోడకి. తిండి లేకపోయినా నెలల తరబడి బతికే పురుగు అది. నెర్రెలు సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టిస్తే, ముంచడం కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

అక్కా, మీరు మందు కొనకముందు ఒక రాత్రి టార్చి వేసి చూడండి. దండెం మీద నిద్రపోయే పెట్ట తేలిగ్గా చేతికొస్తుంది, పెద్దగా కొట్టుకోదు. ఒక చేత్తో కాళ్ళు రెండూ పట్టుకుని, రొమ్ము మీ ముంజేతి మీద ఆనించి, తల చంక వైపు పెట్టుకోండి. తోక కింద ఈకలు వేళ్ళతో విడదీసి చర్మం కనబడేదాకా చూడాలి. పేలైతే లేత గడ్డి రంగులో ఉంటాయి, వెలుగు పడగానే పరుగెడతాయి. వాటి ఈపులు ఈక మొదట్లో పంచదార ముద్ద అంటుకున్నట్టు పేరుకుంటాయి, గోటితో గీకినా ఒక పట్టాన రావు. మైట్స్ అనే రక్తం తాగే పురుగులు ఇంకా చిన్నవి, నల్లగానో ఎర్రగానో కదిలే చుక్కలు. కోడి మీదే కాపురముండే రకమైతే తోక కింద ఈకల మొదళ్ళు నల్లబడి మురికిగా కనిపిస్తాయి.

తర్వాత రెక్కల కింద, రొమ్ము మీద చూసి, చివర్లో కాళ్ళు చూడండి. పొలుసులు లేచి కింద తెల్లటి పొడి పేరుకుంటే అది పొలుసుల కింద దూరే వేరే పురుగు. వాజిలిన్ గానీ నూనె గానీ కొన్ని వారాలు పట్టించాలి. కొందరు కిరసనాయిలు పూస్తారు, చర్మం కాలిపోతుంది, పూయకండి. తురాయి మీద, కళ్ళ చుట్టూ గట్టి పొక్కులుంటే కోళ్ళ మశూచి. అది వైరస్, దోమలు మోసుకొస్తాయి. దానికి ఏ పురుగుల మందూ పనిచేయదు, ముందే టీకా వేయించాలి.

మీరు చెప్పిన చోట్లు చూస్తే నా అనుమానం పుంజుల మీద. పెట్టను తొక్కేటప్పుడు, అంటే జతకట్టేటప్పుడు, పుంజు ముక్కుతో మెడ పట్టుకుని, గోళ్ళు వీపు మీద ఆనిస్తుంది. ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు చాలు, మీకు రెండున్నాయి.

మంగళగిరి పెరడు:
అత్తయ్యగారి మాట కొట్టిపారేయకండి. పొర్లడానికి చోటు లేని కోడికే పేలు ఎక్కువ పడతాయి. మేడ మీద గచ్చు తప్ప మట్టి ఎక్కడుంటుంది? పాత టబ్బులో పొడి మట్టి, ఇసుక, కాస్త కట్టెల బూడిద కలిపి వాన పడని చోట పెట్టండి. బూడిద తడిస్తే చర్మం మండుతుంది, వెంటనే మార్చేయాలి. రైస్ మిల్లుల దగ్గర ఊక బూడిద ఊరికే వస్తుందని తెచ్చేస్తారు. అందులో సిలికా ఎక్కువ, ఆ దుమ్ము కోళ్ళ ఊపిరితిత్తులకీ మనకీ మంచిది కాదు.

ఇంకో మాట. పగటి పొద్దు తగ్గే రోజుల్లో కోళ్ళు బొచ్చు మార్చుకుంటాయి. తలా మెడా మొదలుపెట్టి తోక దాకా రాలుతుంది, గుడ్లు ఆగిపోతాయి, చర్మం మీద మొలకల్లాంటి కొత్త ఈకలు పొడుచుకొస్తాయి. ఇది జబ్బు కాదు. ఈకలో 85 శాతానికి పైగా ప్రోటీనే ఉంటుంది కాబట్టి అప్పుడు నూకలూ తవుడూ ఒక్కటే సరిపోవు, వేరుశనగ చెక్క, ఎండుచేపల పొడి కలపాలి. ఆ మొలకల్లో రక్తం ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి. అలాంటి కోడిని పట్టుకుని మందు నీళ్ళలో ముంచడానికి నాకైతే చేతులు రావు.

నల్లపాడు రైతు:
గోడ మాట ఒప్పుకుంటాను బాబూ, పూడ్పిస్తాను. కానీ పాకనిండా ఉన్న కోళ్ళను రాత్రిళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని ఈకలు విడదీసే తీరిక రైతుకు ఎక్కడుంది? మీవి మేడలు, పెరళ్ళు. మా దగ్గర మిరప చేనుకు కొట్టగా మిగిలిన మందే కోళ్ళకూ కొట్టేవాళ్ళున్నారు. నేనా పని ఎన్నడూ చేయలేదు, కోళ్ళకని షాపులో అడిగే తెస్తాను.

గన్నవరం వెటర్నరీ విద్యార్థి:
ఆ మిరప మందు మాత్రం ఎవరూ వాడొద్దు, దండం పెట్టి చెబుతున్నా. మోనోక్రోటోఫాస్ లాంటివి పక్షుల ప్రాణం తీస్తాయి. 1995-96లో అర్జెంటీనా పొలాల్లో దానివల్ల వేల గద్దలు చచ్చిపోయాయి. పాత గమాక్సిన్ డబ్బా ఉన్నా అంతే, దాన్ని దేశంలో ఎప్పుడో నిషేధించారు.

బాబాయ్ గారూ, అన్నిటినీ పట్టుకోనక్కర్లేదు. నాలుగైదు చూడండి, నీరసంగా ఉన్నవి తప్పకుండా ఉండాలి. రాత్రి తెల్లగుడ్డతో దండెం కింది వైపు తుడవండి, రక్తం తాగిన మైట్స్ ఉంటే ఎర్రటి చారలు పడతాయి. నెలకోసారి కొట్టడం నాకెందుకు నచ్చదంటే, పేలు ఉన్న కోడికి అది చాలదు. మందు ఈపులను చంపదు, వారంలోపే పిల్లలు బయటికొస్తాయి. పదో రోజున రెండోసారి వేయాలి. నెల ఆగితే ఆ పిల్లలు పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టేస్తాయి. పేలు లేని కోడికేమో అది దండగ. పైగా ఒకటే మందు ఏళ్ళ తరబడి వాడితే మైట్స్ దానికి లొంగడం మానేస్తాయి. ఈ మందులు కొవ్వులో కరిగే రకం, పచ్చసొనలోకి చేరతాయి, అక్క భయం అర్థం లేనిది కాదు.

భవానీపురం మేడ:
రాత్రి మా ఆయన టార్చి పట్టుకుంటే నేను చూశాను. వీపు ఊడిన రెండిటికీ చర్మం శుభ్రంగా ఉంది, ఈకలు మధ్యలో విరిగి మోడుల్లా ఉన్నాయి, గోళ్ళ గీతలున్నాయి. పుంజుల పనే. ఒకదాన్ని మా తమ్ముడు ఊరికి తీసుకెళ్తానన్నాడు. కానీ నిండుగా ఈకలున్న నల్లపెట్టకు, ఎవరూ అనుమానపడని దానికి, తోక కింద ఈపులు గుత్తులుగా ఉన్నాయి! మందు ఎంత కలపాలి? గుడ్లు ఎన్నాళ్ళు మానేయాలి?

గన్నవరం వెటర్నరీ విద్యార్థి:
సీసా మీద కోళ్ళకని మోతాదు, గుడ్లు ఆపాల్సిన గడువు రాసి ఉంటేనే వాడండి. పశువుల మోతాదు చూసి అంచనాగా కలపకండి. సీసా మీద లేకపోతే పెట్టను గంపలో పెట్టి మీ పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళండి, మా గన్నవరం కాలేజీకైనా తీసుకురావచ్చు. పేలు ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతాయి కాబట్టి మిగతా పెట్టలనూ వరసగా చూసేయండి.

నల్లపాడు రైతు:
పదో రోజు సంగతి మర్చిపోకమ్మా. నేనూ ఈ వారం దండెం గుడ్డతో తుడిచి చూస్తా. మరక పడితే మందు, పడకపోతే ఈ నెల ఆపుతా. ఆపాక పిల్లలు పోతే మాత్రం బాబూ, మళ్ళీ ఇక్కడికే వచ్చి నిన్నే అడుగుతా.