మతిమరుపు జబ్బుకు పాత నొప్పి మాత్ర: వాడి చూడవచ్చా?

మల్లేశ్వరం కోడలు:
మా అత్తగారికి 76 ఏళ్లు. అల్జీమర్స్ తొలిదశలో ఉన్నారని డాక్టరు గారు చెప్పారు. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేయబోయి, చుక్కలన్నీ సరిగ్గానే పెట్టి, గీత ఎటు కలపాలో తోచక అలాగే కూర్చుండిపోతున్నారు. నెలసరి నొప్పికి వాడే మెఫెనమిక్ యాసిడ్‌తో ఎలుకలకు జ్ఞాపకశక్తి తిరిగి వచ్చిందన్న వార్తను మా ఆడపడుచు పంపి, ఇంట్లో ఉన్న మాత్రలే రోజుకొకటి ఇస్తే తప్పేమిటని అడుగుతోంది. మీరేమంటారు?

కోలారు వాసి:
వార్త నిజమేనండీ. 2016లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు, అల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా జన్యువులు మార్చిన ఎలుకలకు నెల రోజులు ఆ మందు ఇచ్చి, అవి మామూలు ఎలుకలకు దీటుగా గుర్తుంచుకోగలిగాయని తేల్చారు. 2001లో వెలువడిన రాటర్‌డామ్ అధ్యయనంలో, 55 ఏళ్లు పైబడిన 6,989 మందిని ఏళ్ల తరబడి గమనించగా, ఈ కోవ నొప్పి మాత్రలను రెండేళ్లు, అంతకుమించి వాడినవారిలో అల్జీమర్స్ ముప్పు ఐదోవంతుకు పడిపోయినట్టు కనిపించింది. అయినా పేటెంటు తీరిపోయిన చవక మందు మీద ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? మనుషుల మీద పరీక్షలు జరగకపోవడానికి అసలు కారణం అదే.

పాత ఫార్మసిస్టు, జయనగర్:
పరీక్షలు జరగలేదనడం సరికాదు, కోలారు వాసి గారూ. అమెరికాలో ప్రభుత్వ నిధులతోనే, కుటుంబంలో ఈ జబ్బు ఉన్న 70 ఏళ్లు పైబడిన దాదాపు 2,500 మందితో ఇదే కోవ నొప్పి మాత్రలైన నాప్రోక్సెన్, సెలికాక్సిబ్‌ల పరీక్ష మొదలుపెట్టి, గుండె విషయంలో అనుమానాలు రావడంతో 2004 డిసెంబరులో మాత్రలు ఆపేశారు; ఆ తరువాత చూసినా జబ్బును నివారించిన దాఖలా దొరకలేదు. అంతకు ముందే, 2003లో ఫలితాలు వచ్చిన మరో పరీక్షలో, జబ్బు ఉన్న 351 మందికి ఏడాదిపాటు నాప్రోక్సెనో, అదే కోవకు చెందిన రోఫెకాక్సిబో ఇచ్చినా జబ్బు వేగం తగ్గలేదు. మరి రాటర్‌డామ్ లెక్క అంత ఆశాజనకంగా ఎందుకు ఉందంటే, నేను కౌంటరు వెనుక నిలబడి చూసినదే చెబుతాను: మోకాళ్ల నొప్పుల మాత్రల కోసం నెలనెలా ఠంచనుగా వచ్చిన పెద్దాయన, మతి తప్పడం మొదలైన తరువాత నొప్పి సంగతే ఎత్తేవారు కాదు. మాత్ర మానడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు మొదలై మాత్ర మానారా అన్నది దూరం నుంచి లెక్కలు చూస్తే తేలదు. (ఎలుకలకు అల్జీమర్స్ ఎన్నిసార్లు నయమైందో లెక్క పెట్టడం నేను ఎప్పుడో మానేశాను.)

కోలారు వాసి:
రాటర్‌డామ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ మెఫెనమిక్ యాసిడ్ ఆ ఎలుకల్లో పనిచేసినది నొప్పి తగ్గించే దారిలో కాదు. మెదడులో వాపును రగిలించే ఎన్ఎల్ఆర్‌పి3 అనే ప్రోటీన్ల సముదాయాన్ని అణచడం ద్వారా అని మాంచెస్టర్ వారు చెప్పారు. కాబట్టి నాప్రోక్సెన్ విఫలమైనంత మాత్రాన దీని కథ ముగిసినట్టు కాదు.

పాత ఫార్మసిస్టు, జయనగర్:
ఆ వాదనలో బలం ఉంది, కాదనను. అందుకే దీనిని పరీక్షించవలసినది పర్యవేక్షణ ఉన్న చోట, వంటింటి అల్మరాలో కాదు. 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్, ఈ మందు వల్ల దద్దుర్లు, జ్వరంతో మొదలై లోపలి అవయవాల దాకా పాకే తీవ్రమైన అలెర్జీ రావచ్చని హెచ్చరించింది. కడుపులో పుండ్లు, రక్తస్రావం సంగతి సరేసరి. అమ్మా, మీ అత్తగారు బీపీకి ఏం వాడుతున్నారు?

మల్లేశ్వరం కోడలు:
టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపిన మాత్రండీ, రోజూ పొద్దున ఒకటి.

పాత ఫార్మసిస్టు, జయనగర్:
అయితే ఇవ్వకండి. ఆ రెండూ ఉన్న ఒంట్లోకి ఈ కోవ నొప్పి మాత్ర మూడోదిగా చేరితే, ఆ వయసులో మూత్రపిండాలు కొద్ది రోజుల్లోనే దెబ్బతినవచ్చు. మోకాళ్ల నొప్పికని ఇప్పటికే ఎవరైనా అలాంటి మాత్ర ఇస్తూ ఉంటే, ఆ సంగతి డాక్టరు గారికి చెప్పి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

మల్లేశ్వరం కోడలు:
పోయిన వారం మూడు రోజులు డైక్లోఫెనాక్ ఇచ్చాం. రేపే తీసుకువెళ్తాను.