హాకర్ స్టాల్ కోపి: చక్కెర, మార్జరిన్ పోసి వేయించింది కాఫీ అవుతుందా?

డికాక్షన్ దాసు:
ఉద్యోగం పేరుతో సింగపూర్‌లో ఉంటున్నాను. మా టీమ్‌వాళ్లు పొద్దున్నే హాకర్ సెంటర్‌కి, అంటే చిన్న చిన్న తిండి స్టాళ్లన్నీ ఒకచోట ఉండే దగ్గరికి లాక్కెళ్తారు. కాల్చిన బన్ను, మధ్యలో కాయా అనే కొబ్బరిపాలు, గుడ్ల జామ్, దాని మీద బిళ్లలా కోసిన చల్లటి వెన్న. ఆ బన్నుకు వంక పెట్టను, బాగుంటుంది. నా పేచీ అంతా పక్కనున్న కప్పుతోనే. ఇక్కడి స్టాళ్లలో కాఫీని కోపి అంటారు. దానికి వాడే గింజల్ని వేయించేటప్పుడే చక్కెర, మార్జరిన్ (నూనెతో చేసే వెన్నలాంటి కొవ్వు) పోస్తారు. ఇదే పని మన ఊళ్లో ఎవడైనా చేస్తే కల్తీ అని వీధికెక్కుతాం, ఇక్కడ చేస్తే సంప్రదాయం అని ఫొటోలు తీసుకుంటున్నాం. సింగపూర్ హాకర్ సంస్కృతి 2020లో యునెస్కో జాబితాలో చేరింది కాబట్టి ఇక ఎవరూ నోరెత్తకూడదా? గింజలో సరుకు లేక పైన పాకం పట్టిస్తున్నారని నేనంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

కాటాంగ్ కోడలు:
దాసు గారూ, సరుకు తక్కువ గింజే అనుకుందాం. అది వీళ్ల వాటాకు ఎందుకు వచ్చిందో కూడా చూడాలి కదా. 19వ శతాబ్దం చివర్లో ఆకుతుప్పు తెగులు ఇండోనేషియాలోని జావాలో అరాబికా రకం కాఫీ తోటల్ని ఊడ్చేసింది. 1900 తర్వాత ఆ తెగులును తట్టుకునే రోబస్టా రకం వేశారు. చేదు ఎక్కువ, ధర తక్కువ. వీళ్ల చేతికొచ్చింది అదే.

ఇక్కడ పాతకాలపు కాఫీ హోటళ్లు పెట్టినవాళ్లలో చాలామంది హైనాన్ దీవి నుంచి వచ్చినవాళ్లు. మిగతా చైనీయుల కన్నా ఆలస్యంగా వచ్చారు, అప్పటికే లాభసాటి వ్యాపారాలన్నీ ముందొచ్చినవాళ్ల చేతుల్లో ఉన్నాయి. దాంతో తెల్లదొరల ఇళ్లలో, ఓడల్లో వంటకు కుదిరారు. తర్వాత సొంతంగా కొట్లు పెట్టుకుని, దొరల బల్ల మీద చూసిన రొట్టె, వెన్న, కాఫీని కూలిజనానికి అందే ధరలో అమ్మారు. జామ్‌కి బదులు కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర, వాసనకి పాండాన్ అనే ఆకు వేసి సన్నని సెగ మీద తిప్పి తిప్పి కాయా తయారుచేశారు. రోబస్టా చేదును అదుపులో పెట్టడానికి వేయింపు చివర్లో చక్కెర, కొవ్వు పోశారు. ఆ పాకం గింజను పట్టుకుని నల్లగా నిగనిగలాడుతుంది, చల్లారాక గట్టిపడుతుంది. స్పెయిన్‌లోనూ చక్కెరతో వేయించే పద్ధతి ఉంది, టొరెఫాక్టో అంటారు. అక్కడికెళ్లి కూడా కల్తీ అని కేకలేస్తారా?

ఒకసారి స్టాల్ ముందు తీరిగ్గా నిలబడి చూడండి. పొడవాటి మూతి ఉన్న డబ్బాలో గుడ్డ సంచి వేలాడుతుంది, వాడి వాడి తారు రంగుకి తిరిగి ఉంటుంది. మరిగే నీళ్లు పోస్తాడు, సంచిని ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి మారుస్తాడు, దిగిన డికాక్షన్‌ని మళ్లీ పొడి మీదే పోస్తాడు. మందపాటి పింగాణీ కప్పు, అడుగున కండెన్స్‌డ్ మిల్క్, దాని మీద డికాక్షన్, ఆ మీద వేడినీళ్లు. చెంచాతో అడుగు నుంచి తిప్పకపోతే పైన కషాయం, కింద పాయసం. సరుకు లేని గింజకి ఇంత చాకిరీ ఎవడు చేస్తాడండీ?

చికోరీ వద్దు:
నాదొక చిన్న ప్రశ్న. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతం ఉంటే చాలని మన దేశంలో నిబంధన. అంటే దాదాపు సగానికి సగం చికోరీ మొక్క వేళ్ల పొడి పోసుకుని, ఫిల్టర్ కాఫీ అంటే మాదే అని మీసం దువ్వుకునే మనం చక్కెర పూతను కల్తీ అంటామా?

డికాక్షన్ దాసు:
అంటాను. చికోరీ ఎంత శాతమో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. వద్దనుకుంటే ప్యూర్ కొనుక్కుంటాను. హాకర్ స్టాల్ బోర్డు మీద పేరు, ధర తప్ప ఏముంటుంది? కలిపినవాడు కలిపానని చెప్పాలి, అంతే.

కాటాంగ్ కోడలు:
మాట ఎలా మారిందో చూశారా! ఇందాక గింజలో సరుకు లేదన్నారు, ఇప్పుడు బోర్డు మీద రాత లేదంటున్నారు. ఏదో ఒకటి పట్టుకోండి సార్.

సగం చెంచా:
వేయింపులో పడ్డ చక్కెర గురించి ఇంత రాద్ధాంతం దేనికో నాకు అర్థం కాలేదు. మా డాక్టరు తిట్టేది కప్పు అడుగున ఉన్న కండెన్స్‌డ్ మిల్క్ గురించి. సింగపూర్‌లో పానీయాలకు ఏ నుంచి డి దాకా గ్రేడ్లు ఉన్నాయి. చక్కెర 100 మి.లీ.కి 10 గ్రాములు దాటితే డి, అంటే అన్నిటికన్నా కింది గ్రేడు. 2023 డిసెంబరు 30 నుంచి అప్పటికప్పుడు కలిపి ఇచ్చే డ్రింకులకు కూడా ఈ పద్ధతి పెట్టారు, కానీ చిన్న వ్యాపారాలకు మినహాయింపు ఇచ్చారు. పెద్ద చెయిన్ల మెనూలో గ్రేడు కనిపిస్తుంది, మూలనున్న పెద్దాయన స్టాల్‌లో కనిపించకపోవచ్చు. కాబట్టి బోర్డు విషయంలో నేను దాసు గారి వైపే. మిగతాదంతా నోటి అలవాటు.

తీపితో ఇబ్బంది ఉన్నవాళ్లు 'కోపి ఓ కొసొంగ్' అనండి, పాలూ పడవు, చక్కెరా పడదు. అంత చేదు మింగుడుపడకపోతే 'కోపి సి సియూ దాయ్'. ఎవాపొరేటెడ్ పాలు (నీరు ఇగిర్చి చిక్కబరిచినవి, తీపి కలపనివి) పోసి, చక్కెర తగ్గించి ఇస్తారు. చిక్కగా కావాలంటే చివర్లో 'గావ్' తగిలించండి. స్టాల్‌వాళ్లు ఏమీ అనుకోరు, వాళ్లకి రోజంతా ఇదే పని.

పెరాక్ తెలుగోడు:
మాది మలేషియా. మా పెద్దలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తోటల్లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా పెరాక్ రాష్ట్రంలో ఇపో అనే ఊరి పేరు మీద వైట్ కాఫీ ఉంది కదా, దాని గింజల్ని మార్జరిన్‌తోనే వేయిస్తారు, చక్కెర వేయరు. అందుకే పొడి రంగు తేలిగ్గా ఉంటుంది, మాడు వాసన తక్కువ. దాసు గారు దీన్ని ఏ ఖాతాలో రాస్తారో తెలుసుకోవాలనుంది. సగం కల్తీయా?

అత్తలూరి అబ్బాయి:
అందరూ కప్పు దగ్గరే కొట్టుకుంటున్నారు. మా నాన్నగారు వచ్చే నెల సింగపూర్ వస్తున్నారు, గుడ్డు వాసన కూడా పడదు. కాయా ఎలాగూ కుదరదు. కాల్చిన బన్ను తినిపించే దారేమైనా ఉందా?

కాటాంగ్ కోడలు:
కాయా వద్దని చెప్పి వెన్న, చక్కెర వేసిన టోస్ట్ అడగండి, చాలాచోట్ల ఇస్తారు. బన్ను మాత్రం జాగ్రత్త, కొందరు పిండిలో గుడ్డు కలుపుతారు, కొందరు పైన రాస్తారు. అడిగాకే తీసుకోండి. పక్క ప్లేటులో సగం ఉడికిన గుడ్లు, నల్ల సోయా సాస్, మిరియాల పొడి ఉంటాయి కాబట్టి నాన్నగారిని కాస్త దూరంగా కూర్చోబెట్టండి.

మీరు మాత్రం ఈస్ట్ కోస్ట్ రోడ్డులో చిన్ మీ చిన్‌కి వెళ్లండి. అది హాకర్ స్టాల్ కాదు, 1925 నాటి బేకరీ. 2018లో మూతపడి 2021లో మళ్లీ తెరిచారు. గుండ్రటి బన్నును అడ్డంగా కోసి కాల్చి కాయా పూస్తారు. రొట్టె ముక్కల టోస్ట్ కరకరలాడుతుంది, బన్ను అలా కాదు, అంచు దగ్గరే కరకర, లోపల మెత్తన. నన్నడిగితే బన్నే మేలు.

డికాక్షన్ దాసు:
పెరాక్ తమ్ముడూ, సగం కల్తీ ఏమీ కాదు. మార్జరిన్ వేశామని రాస్తే చాలు, ఇపో కాఫీ రెండు కప్పులు తాగుతాను.

అబ్బాయి గారూ, నాన్నగారికి ఏదైనా ఇప్పించండి గానీ ఆ ఓ కొసొంగ్ మాత్రం ఇప్పించకండి. తొలిరోజే తిరుగు టికెట్ అడుగుతారు.