మా మేనకోడలి రేడియేషన్ మాస్క్ గోదాట్లో కలిపేయమంటున్నారు, ఏం చెయ్యమంటారు?

రాజోలు_మావయ్య:
అందరికీ నమస్కారమండి. ఇది ఎవరిని అడగాలో తెలీక ఇక్కడ రాస్తున్నా, పెద్దదైతే ఏమనుకోకండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అక్క కూతురు, ఆరేళ్ళ పిల్ల, పోయిన కార్తీకంలో మాకు లేకుండా పోయింది. డీఐపీజీ అన్నారు, మెదడు కింది భాగంలో వచ్చే క్యాన్సరంట. మొదట్లో ఒక కన్ను లోపలికి తిరుగుతుంటే కళ్ళ డాక్టరుకి చూపించాం, అద్దాలు రాసి పంపేశారు, నడుస్తా నడుస్తా పక్కకి తూలుతుంటే మా అమ్మ దిష్టి తీసింది, ఎమ్మారై తీయించేసరికి నెలన్నర పోయింది. విశాఖలో ఆరువారాలు, ముప్పై సిట్టింగులు రేడియేషన్ ఇచ్చారు.

ఇప్పుడు సంగతేంటంటే, సిట్టింగులకి మొహానికో మాస్క్ బిగిస్తారు కదండి, తెల్ల ప్లాస్టిక్‌ది, జల్లెడలా ఉంటది. ఆఖరి రోజు బావగారు అడిగి తెచ్చుకున్నారు. పిల్ల దాని మీద స్కెచ్ పెన్నుతో పిల్లి మీసాలు గీసుకుంది. అది అటక మీదుంది. సంవత్సరం తిరిగేలోపు గోదాట్లో కలిపేయాలంటారు అక్కావాళ్ళ అత్తగారు, ఇంట్లో ఉండకూడదంట. అక్క ఒప్పుకోదు, అలాగని కిందకి దించి చూడనూ చూడదు. పైగా పంతులుగారు చిన్నపిల్లలకి తద్దినం ఉండదు అనేశారు. మరి ఆ రోజు ఏం చెయ్యాలండి, మామూలు రోజులా వండుకుని తినేయడమేనా?

గోదారి_గట్టు:
2027లో పుష్కరాలొస్తున్నాయి కదా బ్రదర్, అందరితో పాటు ఆ పాపకి కూడా చేయించెయ్యండి, మనసు కుదుటపడద్ది. ఆ మాస్క్ మాత్రం ఇంట్లో వద్దు.

పాలకొల్లు_అమ్మ:
పైన తమ్ముడు మంచికే చెప్పాడు గానీ ప్లాస్టిక్‌ని గోదాట్లో వేస్తే అది కరుగుద్దా నాయనా, ఏ రేవులోనో తేలుద్ది, అది చూసుకుని మీ అక్క ఇంకోసారి చావాలి.

మా బాబుది మెడుల్లోబ్లాస్టోమా, చిన్నమెదడులో వచ్చే క్యాన్సర్. అది చాలామంది పిల్లలకి నయమవుద్దనే చెప్పారు, ఆపరేషనూ రేడియేషనూ కీమో అన్నీ అయ్యి బడికి కూడా వెళ్ళాడు, మళ్ళీ వచ్చింది. స్టెరాయిడ్ వాడేటప్పుడు ఆ ఆకలి చూశారు కదా, రాత్రి రెండింటికి లేచి దిబ్బరొట్టె, చెరుకు పానకం అనేవాడు, నేను నిద్రమొహంతో పప్పు రుబ్బుకోలేక ఒకసారి విసుక్కున్నాను, అది మాత్రం ఇప్పటికీ పోలేదు. మాకూ తద్దినం లేదన్నారు. వాడు పోయిన రోజున దిబ్బరొట్టె వేస్తాం, అంతే, వాడి పేరు పెట్టి ఎవరేం చెప్పుకున్నా ఆ రోజు ఆపమని అనం. మీ పిల్ల ఏం అడిగేదో అది వండుకోండి.

మండపేట_టెక్నీషియన్:
నేను రేడియేషన్ డిపార్ట్‌మెంటులోనే చేస్తానండి, ఇలాంటి మాస్కులు రోజూ చేస్తాం. ముందు ఆ నెలన్నర గురించి. డీఐపీజీ ఒకచోట గడ్డలా ఉండదు, మెదడు కాండంలో పాన్స్ అనే చోట మంచి నరాల మధ్య ఇంకిపోయి ఉంటది, అందుకే కోసి తీయలేరు. నెలన్నర ముందు తెలిసినా ఇదే రేడియేషన్, కొన్నాళ్ళు తేరుకోవడం, మళ్ళీ ఇదే. ఎక్కువమంది పిల్లలకి ఏడాది దాటదు. చంద్రుడి మీదకెళ్ళిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ గారి పాప కూడా దీంతోనే 1962లో పోయింది, రెండేళ్ళ పిల్ల. హిస్టోన్ అనే ప్రోటీన్ తాలూకు జీన్‌లో మార్పు వల్ల అని 2012లో కనిపెట్టారు. అది అమ్మానాన్నల నుంచి వచ్చింది కాదు, దిష్టీ కాదు, అద్దాలు రాసిన డాక్టరు వల్లా కాదు. మీ అమ్మగారికి కూడా చెప్పండి.

ఇంక మాస్క్. దాన్ని వేణ్ణీళ్ళలో మెత్తబెట్టి మొహం మీద పరిచి అచ్చు తీస్తాం, మొదటి సిట్టింగుకి ముందే. స్టెరాయిడ్‌తో మొహం బాగా ఉబ్బేది తర్వాత, బిగుతైపోతే కొందరికి కొత్తది చేస్తాం. మీ పిల్లకి ఒకటేనా, రెండోది చేశారా?

రాజోలు_మావయ్య:
ఒకటేనండి. ఆఖర్లో బుగ్గల మీద జల్లెడ గళ్ళు పడిపోయేవి.

మీరు రాసింది నిన్న అక్కకి ఫోన్లో చదివాను. మా దగ్గరున్న ఆఖరి ఫొటోలన్నీ ఉబ్బిన మొహాలే, అక్క అవి చూడలేక ఫోన్ బావగారికి ఇచ్చేసింది. అంటే అది అసలు మొహమా అంది. సాయంత్రం నిచ్చెన వేయించింది. కింద పట్టుకున్నది అత్తగారే. ఒకవైపు మీసాలు నాలుగు, ఇంకోవైపు మూడే ఉన్నాయండి, నాలుగోది గీస్తుంటే లోపల్నుంచి పేరు పిలిచారంట.

పాలకొల్లు అమ్మగారూ, మా పిల్ల ఆఖర్లో అడిగింది ఎండురొయ్యలండి. కార్తీకమాసం, మా వాళ్ళింట్లో నీచు గడప దాటదు. ఆ అత్తగారే పెరట్లో వేరే పొయ్యి పెట్టి వండారు, మింగలేకపోతే పులుసు చెంచాతో నాలిక్కి రాశారు. ఈసారి కూడా పొయ్యి పెరట్లోనే అంటున్నారు.