కొత్త ఎల్పీలో బేస్ ఎక్కడ పోయింది? రీమాస్టర్ చేసినోళ్ళు పాడుచేశారా, నా సెట్‌లోనే తప్పుందా?

అనంతపురం_ఆంప్:

అందరికీ నమస్తే. బెంగళూరులో బీటీఎం లేఅవుట్‌లో ఉంటా, సొంతూరు అనంతపురం. వారం రోజులుగా ఒక డౌట్ మనసులో తిరుగుతా ఉంది, కొంచెం పెద్ద కథే, ఓపిగ్గా చదవండి.

మా బాబాయి 1998లో అమెరికాకి ప్రాజెక్ట్ పని మీద పోయి వస్తూ ఒక సీడీ తెచ్చినాడు, ద స్టూజెస్ బ్యాండ్ వాళ్ళ రా పవర్. నాకప్పుడు పదకొండేళ్ళు. మిద్దె మీద బాబాయి గది, అందులో పాత ఆంప్లిఫైయర్, రెండు చెక్క స్పీకర్ బాక్సులు, ఆ సీడీ పెడితే గోడకి మేకుకు తగిలించిన కిరాణా షాపు క్యాలెండర్ టపటపా కొట్టుకునేది. ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు, అయినా పొద్దున్నే స్కూలుకు పోయే ముందు మొదటి పాట వినకుండా పోయేవాణ్ణి కాదు. నాకు రాక్ అంటే అదే, మిగతావన్నీ దాని తర్వాత విన్నవే.

ఇప్పుడు సంగతేందంటే, పోయిన నెల టర్న్‌టేబుల్ కొన్నా, మొదట కొనాల్సిన రికార్డు ఇదే అని ముందే అనుకునింటి కాబట్టి నాలుగు వేల చిల్లర పెట్టి కొత్త రీఇష్యూ ఎల్పీ తెచ్చుకున్నా, రీమాస్టర్డ్ అని రాసుంది. ఇంటికొచ్చి తలుపేసుకుని పెట్టినా. మొదటి పాట మొదలైన పది సెకన్లకే గుండె జారిపోయింది. గిటారేమో మొహం మీదికొచ్చి కూర్చుంది, డ్రమ్స్ పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు వినిపిస్తున్నాయి, బేస్ అయితే వెతుక్కోవాల్సిందే. సూది బరువు 2 గ్రాములకు మళ్ళీ సెట్ చేసినా, వైర్లు మార్చినా, ఫోనో స్టేజ్ (సూది నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే డబ్బా) ఫ్రెండ్‌ది తెచ్చి పెట్టి చూసినా, అదే కథ. కొన్న షాపులో అడిగితే "రీమాస్టర్ అంటే అట్లే ఉంటుంది సార్" అని పంపించేశారు.

నా ప్రశ్న: రీమాస్టర్ పేరుతో పాటని ఇట్లా మార్చేయొచ్చా? ఇది డూప్లికేట్ ప్రెస్సింగా, అంటే దొంగ అచ్చా? వాపస్ ఇచ్చేయాలా?

జయనగర్_బేసిస్ట్:

అన్నా వాపస్ ఇవ్వొద్దు!! నీ సెట్‌లో ఏ తప్పూ లేదు, రికార్డు కూడా బాగానే ఉంది. నువ్వు చిన్నప్పుడు విన్నదే రీమిక్స్, ఇప్పుడు కొన్నదే అసలుది.

రా పవర్ 1973లో వచ్చింది. బ్యాండ్ గాయకుడు ఇగ్గీ పాప్ మొదట తనే మిక్స్ చేశాడు, అంటే ఏ వాయిద్యం ఎంత వినిపించాలో తనే తేల్చాడు, వాయిద్యాలు దాదాపు అన్నీ ఒక ఛానెల్‌లో, గొంతు ఇంకో ఛానెల్‌లో పెట్టాడు, అది వీల్లేదన్నారు కంపెనీవాళ్ళు, తర్వాత ఇంగ్లండ్ గాయకుడు డేవిడ్ బౌవీని పిలిపించి మళ్ళీ మిక్స్ చేయించారు. బౌవీ చెప్పిందేంటంటే, తన చేతికి వచ్చిన 24 ట్రాక్ టేపులో (ఇరవై నాలుగు శబ్దాలు విడివిడిగా పట్టగలిగేది) వాడింది మూడే ట్రాకులంట, ఒకదాంట్లో బ్యాండ్ మొత్తం, ఒకదాంట్లో లీడ్ గిటార్, ఒకదాంట్లో గొంతు. డ్రమ్స్, బేస్ ఒకే ట్రాక్‌లో కలిసిపోయి ఉంటే ఎవరైనా ఏం చేస్తారు చెప్పు, గిటార్‌నీ గొంతునీ పైకి లేపడమే దారి. నీ ఎల్పీలో ఉన్నది ఆ మిక్సే.

1997లో సీడీ కోసం ఇగ్గీ పాపే కూర్చుని కొత్తగా రీమిక్స్ చేశాడు, లెవెల్స్ అన్నీ ఎర్రగీత దాటించేశాడు, ఇప్పటికీ అత్యంత లౌడ్ రాక్ సీడీల్లో ఒకటని దానికి పేరు. 1998లో అమెరికా షాపులో దొరికేది అదే, మీ బాబాయి తెచ్చిందీ అదే అయ్యుంటుంది. 2010లో బౌవీ మిక్స్‌నే శుభ్రంగా రీమాస్టర్ చేసి మళ్ళీ వదిలారు.

ఇక్కడ రెండు మాటలు కలిపేస్తున్నారు చాలామంది. రీమిక్స్ అంటే విడివిడి ట్రాకుల టేపు దగ్గరికి వెళ్ళి బేస్ ఎంత, డ్రమ్ ఎంత అని మళ్ళీ మొదటినుంచి తేల్చడం. రీమాస్టర్ అంటే అప్పటికే రెండు ఛానెళ్ళకు కుదించిన టేపు తీసుకుని టోన్, లెవెల్ సరిచేయడం, అందులో బేస్ గిటార్ ఒక్కదాన్నే పట్టుకుని పైకి తీయడం మాస్టరింగ్ ఇంజినీర్ చేతిలో లేని పని. కాబట్టి నీకు నచ్చకపోతే గొడవ 1973 మిక్స్‌తోనే, రీమాస్టర్‌తో కాదు.

నేను బేస్ వాయిస్తా కాబట్టి ఇది నాకు మనసుకు తగిలే విషయం. ఆ ఆల్బంలో బేస్ వాయించింది రాన్ ఆష్టన్, అంతకుముందు రెండు ఆల్బంలకు ఆ బ్యాండ్‌కు గిటారిస్ట్ ఆయనే, కొత్త గిటారిస్ట్‌గా జేమ్స్ విలియమ్సన్ రావడంతో బేస్‌కు మారాల్సి వచ్చింది, డ్రమ్స్ ఆయన తమ్ముడు స్కాట్. అంటే బౌవీ మిక్స్‌లో వెనక్కి పోయింది ఆ అన్నదమ్ములిద్దరే. 97 మిక్స్ ఎంత పగిలినట్టు వినిపించినా నేను దాన్ని తీసిపారేయలేను, వాళ్ళిద్దరూ అక్కడ వినిపిస్తారు.

నిజంగా కోప్పడాల్సిన రీఇష్యూలు వేరే ఉన్నాయి. మెటల్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ సోలోగా చేసిన మొదటి రెండు ఆల్బంలు 2002లో మళ్ళీ వేసినప్పుడు రాయల్టీ గొడవల్లో ఉన్న బాబ్ డెయిస్లీ బేస్, లీ కెర్స్‌లేక్ డ్రమ్స్ మొత్తం చెరిపేసి వేరేవాళ్ళతో కొత్తగా వాయించి పెట్టారు. ఆ కొత్త బేస్ వాయించింది రాబర్ట్ ట్రుహీయో, 2011లో మన ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికాతో చూశాం కదా, ఆయనే. అదే 2011లో అసలు ట్రాకులు తిరిగి పెట్టి రీఇష్యూ చేశారు. ఆ తొమ్మిదేళ్ళలో కొత్తగా కొన్న పిల్లలు డెయిస్లీ బేస్ వినకుండానే అదే ఆల్బం అనుకున్నారు, అది నాకు ఇప్పటికీ కడుపుమంట.

కోడంబాక్కం_టేప్:

నమస్కారమండి. నేను చెన్నైలో ఉంటాను. వడపళని దగ్గర ఒక స్టూడియోలో ఇరవై ఏళ్ళకు పైగా టేపు మిషన్ల దగ్గర పనిచేశాను, రాక్ గురించి మీ అంత తెలీదు గానీ మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే టేపు సంగతి చెబుదామనిపించింది.

రీమాస్టర్ అనగానే అందరూ కంప్యూటర్ ముందు జరిగే పని అనుకుంటారు, సగం పని దానికి ముందే అయిపోతుందండి. మొదట ఏ టేపు దొరికింది అన్నదే అసలు ప్రశ్న. మొదటి మాస్టరా, దాని కాపీయా, వేరే దేశానికి పంపిన కాపీకి కాపీయా, ఒక్కో కాపీకి హిస్ (బుస్సుమనే చప్పుడు) పెరుగుతుంది, పైన మెరుపు తగ్గుతుంది. దొరికినా వెంటనే మిషన్ మీద వేయకూడదు. డెబ్బైల మధ్య నుంచి ఎనభైల దాకా వచ్చిన టేపుల్లో, ముఖ్యంగా ఆంపెక్స్ 456 లాంటివాటిలో, పాటను పట్టి ఉంచే గోధుమరంగు పొడిని (ఆక్సైడ్) టేపుకు అంటించి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చి మెత్తబడిపోతుంది. మా చెన్నై గాలి సంగతి చెప్పక్కర్లేదు కదా. ఒకసారి ఒక రీలు తొందరపడి వేశాం, అరనిమిషంలో కీచుమని అరుపు మొదలైంది, ఆపి చూస్తే టేపును చదివే హెడ్ మీద గోధుమరంగు జిడ్డు, వేలికి అంటుకుంది. ఆ జిడ్డు ఏంటనుకున్నారు, పాటేనండి, ఊడి వచ్చేస్తోంది. ఆ రోజు మా సీనియర్ గారు ఒక్క మాట అనలేదు, స్పిరిట్‌లో దూది ముంచి హెడ్ తుడుస్తూ కూర్చున్నారు, నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు.

అలాంటి టేపును 50, 55 డిగ్రీల దగ్గర సమంగా వేడి ఉండేలా చూసి ఎనిమిది గంటలో ఇంకా ఎక్కువో ఉంచుతారు, తేమ పోతుంది, చల్లారనిచ్చి కొన్ని వారాల్లోపు డిజిటల్‌కు ఎక్కించేసుకోవాలి, తర్వాత మళ్ళీ మెత్తబడుతుంది. ఇంట్లో గ్యాస్ ఓవెన్‌లో మాత్రం ఎవరూ పెట్టకండి, పాత అసిటేట్ టేపులైతే వేడి అసలు చూపించకూడదు. తర్వాత రీలు మొదట్లో రికార్డు చేసిన టోన్లు పెట్టుకుని హెడ్ వాలు సరిచేయాలి, అది వెంట్రుకవాసి తేడా ఉన్నా డ్రమ్స్‌లోని ఇత్తడి తాళం (సింబల్) మోత మసకబారిపోతుంది.

స్పీడ్ కూడా చూడాలి. ఇది జాజ్ మాట, అయినా చెబుతాను. మైల్స్ డేవిస్ కైండ్ ఆఫ్ బ్లూ 1959లో రికార్డు చేసిన రోజు ఒక మిషన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది, దాంతో మొదటి వైపు పాటలు శ్రుతి కొద్దిగా పెరిగి ప్రపంచమంతా వెళ్ళాయి, 1992లో గానీ సరిచేయలేదు. ముప్పై ఏళ్ళు ఎంతమంది ఆ రికార్డుతో కలిసి వాయిస్తూ తమ వాయిద్యమే తప్పనుకున్నారో.

ఇంకొకటి, టేపు డబ్బా మీద రాత. ఏ పాట తర్వాత ఏది అన్నది దాని మీదే ఉంటుంది. మా అబ్బాయికి ఇష్టమైన బిగ్ స్టార్ అనే బ్యాండ్ మూడో ఆల్బం 1974లో మెంఫిస్‌లో రికార్డు చేశారట, 1978 దాకా బయటికి రాలేదు, పాటల వరస ఇదీ అని బ్యాండ్ తేల్చనే లేదు, అందుకే ఒక్కో రీఇష్యూలో ఒక్కో వరస. అలాంటి చోట రీఇష్యూ చేసేవాళ్ళే సగం నిర్ణయాలు తీసుకుంటున్నట్టు లెక్క.

మన దగ్గర రాక్ వాయించినవాళ్ళ టేపులు ఏ అటక మీద ఉన్నాయో అదే నా బెంగ. ముంబై బ్యాండ్ అటామిక్ ఫారెస్ట్ పాటలు మళ్ళీ ఎల్పీగా రావడానికి అమెరికా లేబుల్ పూనుకోవాల్సి వచ్చింది. మీలో ఎవరి ఇళ్ళలోనైనా రీళ్ళుంటే నేలమీద పెట్టకండి, నిలువుగా నిలబెట్టండి, వర్షాకాలం రాకముందే ఎవరికైనా చూపించండి.

అనంతపురం_ఆంప్:

సార్ మీరు రాసింది రెండుసార్లు చదివినా, ఆ జిడ్డు మాట దగ్గర ఆగిపోయినా. బేసిస్ట్ బ్రో, నువ్వు చెప్పింది చదివినాక బాబాయికి ఫోన్ చేసి సీడీ వెనక చూడమన్నా, 1997 అనే ఉందంట! ఇరవై ఏళ్ళకు పైగా రీమిక్స్‌నే అసలనుకుంటా ఉన్నా. ఇంక రెండూ పక్కపక్కన పెట్టి వినాలని ఉంది, ఎట్లా పోల్చాలి? ఊరికే పెడితే సీడీనే గెలుస్తుంది, సౌండ్ ఎక్కువ కాబట్టి.

ఇందిరానగర్_ఇయర్స్:

నువ్వన్నదే అసలు కిటుకు. ఒకటి రెండు డెసిబెల్స్ పెరిగినా మన చెవి దాన్నే "బాగుంది" అనేస్తుంది, రీమాస్టర్లన్నీ లౌడ్‌గా తయారవ్వడానికి కారణం కూడా అదే. రెండింటినీ ఫైళ్ళుగా తీసుకో, ఆడాసిటీలో (శబ్దాన్ని బొమ్మగా చూపించే కంప్యూటర్ ప్రోగ్రాం) తెరువు. 97 సీడీ బొమ్మ ఇటుక పేర్చినట్టు పైనా కిందా చదునుగా ఉంటుంది, బౌవీ మిక్స్‌కు ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. సగటు లౌడ్‌నెస్ రెండింటికీ ఒకేలా వచ్చేదాకా సీడీ ఫైల్‌ను కిందికి తగ్గించు, పీక్ (ఒక్క క్షణం పైకెగిరే గట్టి శబ్దం) చూసి కాదు సుమా, సగటు చూసి. అప్పుడు విను. స్పాటిఫైలో అయితే నార్మలైజేషన్ (పాటలన్నింటి సౌండ్‌ను ఒకే స్థాయికి తెచ్చే ఏర్పాటు) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండి అన్నింటినీ మైనస్ 14 లఫ్స్ (సగటు లౌడ్‌నెస్ కొలత) దగ్గరికి తెస్తుంది, లౌడ్‌గా చేసిన మాస్టర్‌కు అక్కడ లాభమేమీ ఉండదు, పిండేసిన చప్పదనం మాత్రం మిగులుతుంది.

రష్ బ్యాండ్ వాళ్ళ వేపర్ ట్రెయిల్స్ (2002) ఆల్బంది ఇదే బాధ. మిక్స్ దశలోనే పిండేశారు కాబట్టి రీమాస్టర్‌తో బాగయ్యే రకం కాదు, 2013లో మొత్తం రీమిక్స్ చేసి వేశారు. బెంగళూరులో రష్ అభిమానులు ఎవరున్నా ముందు అది వినండి.

స్టిక్కర్ చూసి మాత్రం కొనొద్దు ఎవరూ. "180 గ్రాములు" అన్నది ప్లాస్టిక్ బరువు, శబ్దం గురించి అది చెప్పేదేమీ లేదు. మొబైల్ ఫిడెలిటీ కంపెనీ రికార్డులు పూర్తి అనలాగ్ (కంప్యూటర్ కాపీ లేకుండా నేరుగా టేపు నుంచే) అని నమ్మి కొన్నవాళ్ళకు, 2011 నుంచే చాలావాటిలో మధ్యలో డిజిటల్ కాపీ ఉందని 2022లో తెలిసింది. చెవులకు మాత్రం అవి బాగున్నాయనే అనిపించాయి అన్నేళ్ళూ! మై బ్లడీ వాలంటైన్ బ్యాండ్ వాళ్ళ లవ్‌లెస్ ఆల్బం 2012లో రెండు సీడీలుగా, రెండు వేర్వేరు టేపుల నుంచి చేసిన రెండు మాస్టర్లుగా వస్తే, లేబుళ్ళు తారుమారయ్యాయి, ఏది ఏదో వినేవాళ్ళే కనిపెట్టాల్సొచ్చింది. కాబట్టి ఏ టేపు నుంచి, ఎవరి మాస్టరింగ్ అన్నది చూడండి, రికార్డు లోపలి అంచున పాటలు అయిపోయాక ఉండే ఖాళీలో గీసిన అక్షరాలు టార్చ్ వేసి చదవండి, ఏ ప్రెస్సింగో అక్కడ తెలిసిపోతుంది.

అనంతపురం_ఆంప్:

చేసినా!! బాబాయి బస్‌లో సీడీ పంపించినాడు, పెట్టె పగిలుంది గానీ డిస్క్ బాగుంది. సీడీ ఫైల్ ఎంత తగ్గించాల్సొచ్చిందో చూసి నోరెళ్ళబెట్టినా. రెండూ ఒకే లెవెల్‌లో పెట్టి చీకట్లో విన్నా, మూడో రౌండ్‌కు గానీ చెవి కుదురుకోలేదు.

గిమ్మీ డేంజర్ మొదట్లో ఉత్త గిటార్ వస్తుంది కదా, సీడీలో అది మొదటి పాటంత గట్టిగానే ఉంటుంది, నాకు చిన్నప్పటినుంచి అట్లే అలవాటు. ఎల్పీలో అది చిన్నగా మొదలైంది, నేను తెలీకుండానే స్పీకర్ వైపు వంగినా, తర్వాత బ్యాండ్ వచ్చి పడినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళలో ఆ పాటలో ఆ ఎగబాకడం నాకు తెలీనే తెలీదు. మొదటి పాటకు మాత్రం నా ఓటు సీడీకే, రాన్ ఆష్టన్ ఎక్కడున్నాడో ఇప్పుడు తెలుసు కాబట్టి ఇంకా ఎక్కువ.

ఎల్పీ వాపస్ ఇవ్వట్లేదు. బాబాయి దసరాకు వస్తానన్నాడు, రెండూ వినిపిస్తా. ఊర్లో ఆయన ప్లేయర్ లెన్స్ పోయి ఏళ్ళయింది, ఈ ఆదివారం ఎస్పీ రోడ్డులో దానికి సరిపోయే లెన్స్ వెతకాలి. పాత ఫిలిప్స్ మోడల్. అక్కడ ఇట్లాంటివి ఏ గల్లీలో దొరుకుతాయో తెలిసినోళ్ళు చెప్పండి, తోడొస్తే ఇంకా మంచిది, పొద్దున పదికి మెట్రో దగ్గర ఉంటా.