అలమేడా బీచ్ బురదలో ఉన్నది జపాన్ స్లగ్గేనా?

బురదకాలు:
శాన్ ఫ్రాన్సిస్కో బే, అలమేడా బీచ్. నీరు బాగా తీసినప్పుడు నాచు పట్టిన బురద మీద గోధుమరంగు స్లగ్గులు (నత్త జాతి సముద్రపు జీవులు) గుంపులుగా కనిపిస్తున్నాయి. రెండు సెంటీమీటర్ల లోపే. ఒంటి మీద నల్ల చుక్కలు, లోపల పల్చటి గుల్ల. ఇది అక్కడి సొంత జాతి హామినియా వెసిక్యులానా, జపాన్ నుంచి వచ్చిన హామినియా జపోనికానా? ఫొటోతో తేల్చొచ్చా? శాంపిల్ ఎలా దాచాలి?

నత్తగుల్ల:
రంగును నమ్మకండి, చుక్కలు రెండింటికీ ఉంటాయి. తలను డాలులా కప్పే భాగం వెనక అంచు చూడండి. జపోనికాకైతే అక్కడ మధ్యలో లోతైన చీలిక ఉంటుంది. అరచేతిలో పెట్టి ఫొటో తీస్తే ముడుచుకుపోయి ఆ చీలికే కనబడదు. తగువులన్నీ ఇలాంటి ఫొటోల మీదే. తెల్ల గిన్నెలో ఒక సెంటీమీటరు ఎత్తు సముద్రపు నీళ్లు పోసి వదిలేయండి. పాకడం మొదలెట్టాక పైనుంచి తీయండి, పక్కన స్కేలు పెట్టి. గుడ్లు దొరికితే అవి కూడా తీయండి. వెసిక్యులావి పసుపు రిబ్బన్లలా ఉంటాయి.

సీసాబిరడా:
బతికున్నదాన్ని నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముద్దగా బిగుసుకుపోతుంది. లీటరు మంచినీళ్లలో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపి, దానికి అంతే సముద్రపు నీరు చేర్చి, మత్తెక్కేదాకా అందులో ఉంచండి. సూదితో తాకినా కదలనప్పుడు 95 శాతం ఇథనాల్‌లోకి మార్చండి. మర్నాడు ఇథనాల్ మార్చాల్సిందే. ఒంట్లోని నీరు దిగి పలచబడితే డీఎన్‌ఏ పాడవుతుంది. ఫార్మలిన్ కోసి చూడటానికి బాగుంటుంది గానీ జాతిని తేల్చే సీఓఐ జన్యువు చదవడానికి పనికిరాదు. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి, పెన్ను సిరా కరిగిపోతుంది. సేకరణకు అనుమతి ముందే తీసుకోండి.

ఆటుపోటు:
రబ్బరు బూట్లు, గ్లౌజులు తప్పనిసరి. 2005లో ఆ బీచ్‌లోనే నీళ్లలో దిగినవాళ్లకు దద్దుర్లు వచ్చింది ఈ జపాన్ స్లగ్గు మోసే పరాన్నజీవి వల్లే. అది అసలు పక్షులది. మన చర్మంలో దూరి అక్కడే చస్తుంది, దురద మనకు మిగులుతుంది.

బేలో ఇది మొదట దొరికింది 1999లో. ఓడల మీద అనుమానం పెట్టుకోకండి. దీని జన్యువులు ఈశాన్య జపాన్‌వాటితో కలుస్తున్నాయి, పెంపకానికి ఆయిస్టర్లు ఎగుమతైంది ఆ వైపు నుంచే. పైగా ఒకే గుడ్ల ముద్దలోంచి కొన్ని ఈదే లార్వాలుగా, కొన్ని పాకే పిల్లలుగా బయటికొస్తాయి. లార్వాలు కొట్టుకుపోయినా పిల్లలు దిగినచోటే ఉండిపోతాయి. మన విశాఖ హార్బర్‌లో 1967లో దొరికిన మైటిలాప్సిస్ అనే ఆల్చిప్ప దారి వేరు, అది ఓడ అడుగుకు అంటుకుని తిరిగే రకం.

నత్తగుల్ల:
ఒక సవరణ. ఇప్పుడు జపాన్ స్లగ్గు పేరు హలోవా జపోనికా. లేబుల్ మీద పాత పేరు కూడా రాయండి, వెనకటి రికార్డులన్నీ దాని కిందే ఉన్నాయి.