ఈ వారం సమస్య: ‘ఫ్రీగ నుండువాడె ఫ్రీగ లేడు’

నిర్వాహకుడు: సాములారా, ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇస్తున్నా, ముందు మూడూ మీరు పూరించండి:

*ఫ్రీగ నుండువాడె ఫ్రీగ లేడు*

పద్యంలో ఇంగ్లీషేందని కొట్లాటకు దిగొద్దు. మన తిరుపతిలో ‘ఉచితం’ బోర్డు మీదే ఉంటుంది, నోట్లో ఆడేది ఫ్రీనే. డబ్బు కట్టనక్కర్లేనిది ఫ్రీ. తీరిగ్గా ఉన్నోడు ఫ్రీ. జైలు నుంచి బయటపడ్డోడూ ఫ్రీనే. చక్కెర లేకపోతే షుగర్ ఫ్రీ, కడుపు కదిలితే ఫ్రీ మోషన్. షరతు ఒకటే: రెండు ఫ్రీలకూ ఒకే అర్థం పెట్టి ‘ఉన్నాడు, లేడు’ అంటే అది పూరణ కాదు, పేచీ.

శేషాచలం నీడ: ‘వాడె ఫ్రీగ’ దగ్గర ‘డె’ బరువెక్కి గురువైపోదా అన్నా? వెనకాల ‘ఫ్రీ’ అనే ఒత్తక్షరం ఉంది కదా.

నిర్వాహకుడు: కాదు. అది తెలుగు మాట, ఫ్రీ వేరే మాట. సంస్కృత సమాసమైతే ఊనిక పడేది. యతి, అదే పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జోడీ, ఫ్రీకి ఫ్రీనే, దిగుల్లేదు.

అలిపిరి మెట్టు: నాదే బోణీ.

*సర్వదర్శనంపు సాలులో కూర్చున్న*
*తాళమున్న గదిని దాటలేడు*
*పైస ఖర్చు లేదు బైటకు పోలేడు*
*ఫ్రీగ నుండువాడె ఫ్రీగ లేడు*

గణాల మేస్త్రి: ఊళ్ళో ఉన్న సంగతిని పట్టినారు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చున్నోడికి ఇది చదవగానే అర్థమవుతుంది. టికెట్టుకు పైసా లేదు, గేటు తాళం తీసేదాకా కదిలేదీ లేదు. గణాలు, యతులు సరిపోయినాయి. అయితే దాటలేడు, పోలేడు, లేడు అని వరసగా మూడు ‘లేడు’లు పడి చివరి పాదం బలం ముందే కారిపోయింది. పైగా మొదటి పాదంలో ‘కూర్చున్న’ తర్వాత ఎవరో రావాలి, రాలేదు. మూడో పాదం ఇట్లా మార్చి చూడండి: *పైస ఖర్చు లేదు బైటి గాలియు లేదు.*

అలిపిరి మెట్టు: గాలి బాగుంది సామీ. ‘కూర్చున్న’కు నాలుగో పాదంలో ‘వాడె’ ఉందిగా, అన్వయం అక్కడ.

గణాల మేస్త్రి: మధ్యలో రెండు వాక్యాలు దాటుకోని పోవాల. దూరాన్వయం.

కొత్త కవి: నేనూ రాస్తున్నా, ఒక పాదమే వచ్చింది. *ఫ్రీ వైఫై కోసం బస్టాండులో కూర్చున్న…*

గణాల మేస్త్రి: నాయనా, మొదటి అడుగులోనే రెండు గురువులు. ఆటవెలది పాదం మొదట వచ్చే సూర్యగణానికి అది కుదరదు. బేసి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదమంతా సూర్యగణాలే. *వైఫి కోసమొచ్చి వలలోన చిక్కెను* అను, యతీ కుదురుతుంది, వలా కుదురుతుంది. ఇంకో రెండు పాదాలు నువ్వే పట్టుకురా.

నీవా ఒడ్డు: ‘వాడె’ అన్నారు కాబట్టి 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి, అదే ఆడవాళ్ళ ఫ్రీ బస్సుకు ఈ సమస్యలో సీటు లేనట్టే. సరే, చిత్తూరు నుంచి ఆ బస్సులోనే వస్తూ కిటికీలోంచి చూసిందాన్నే రాస్తున్నా.

*చెవిని యంత్రముంచి చేతులు ఫ్రీయని*
*బండి మీద మాట పంచుచుండు*
*మనసు ఫోనులోన మార్గమ్ము కనులలో*
*ఫ్రీగ నుండువాడె ఫ్రీగ లేడు*

గణాల మేస్త్రి: అక్కా, మూడో పాదం చాలా బాగుంది. ‘మాట పంచుచుండు’ మాత్రం యతి కోసం తెచ్చినట్టుంది. బండి మీద ఫోను మాట్లాడేవాడు పంచడు, అరుస్తాడు.

కెమిస్ట్రీ మేడం: మా క్లాసులో నుంచి ఒకటి. ఫ్రీ రాడికల్ అంటే జత కుదరని ఎలక్ట్రాను ఉన్న కణం. జత కోసం పక్క అణువు మీద పడుతుంది, దాన్నీ తనలాగే చేసి వదులుతుంది. ఆ గొలుసు అట్లా సాగుతుంది. నూనె కంపు కొట్టేదీ ఇట్లాంటి గొలుసుతోనే.

*జంటలేక తిరుగు చంచల కణమది*
*పొరుగువాని సొమ్ము పొంచి లాగు*
*వానికేది శాంతి వలపుల వేటలో*
*ఫ్రీగ నుండువాడె ఫ్రీగ లేడు*

గణాల మేస్త్రి: మొదట ‘కణమది’, మూడో పాదానికి ‘వానికి’. నపుంసకాన్ని ఎప్పుడు మగవాణ్ణి చేశారు మేడం?

కెమిస్ట్రీ మేడం: ఊరి మీద పడి తిరుగుతున్నప్పుడే!

పింఛను పద్యాలు:

*కొలువు ముగియ నింట కూర్చున్న తాతకు*
*పాలు పూలు బిల్లు బ్యాంకు పనులు*
*మనుమరాలి బడియు మందుల చీటియు*
*ఫ్రీగ నుండువాడె ఫ్రీగ లేడు*

నిర్వాహకుడు: ఈ వారానికి ఇదే నా ఓటు. వాదన లేదు, ఏడుపు లేదు, జాబితా చదివాడంతే. తీరిక, విడుదల అనే రెండు అర్థాలూ తాత చేతిసంచీలో పడిపోయినాయి. ‘బడియు’, ‘చీటియు’లకు ఆ ‘యు’ తోకలు గణం కోసమేనని తెలుస్తూనే ఉంది, అయినా ముసలాయన పనుల చిట్టా చదివే తీరుకు అవి నప్పినాయి.

శేషాచలం నీడ: మీ పూరణ ఏదీ? ఊరికే మార్కులేస్తే ఎట్లా?

నిర్వాహకుడు: ఒకటుంది. ఇంగ్లీషు ఫ్రీకి పాత వేరు ‘ప్రేమించబడేది’ అన్న అర్థంలో ఉంది. సంస్కృతం ‘ప్రియ’ దానికి దాయాది. ఫ్రెండు, ఫ్రైడే కూడా ఆ వంశమే. ఇంట్లో అయినవాళ్ళు ప్రియమైనవాళ్ళు, బానిసలు కారు; స్వేచ్ఛ అనే అర్థం అక్కణ్ణించి వచ్చిందంటారు భాషాచరిత్రకారులు. మన దగ్గరేమో మదనపల్లెలో టమోటా ప్రియమైందంటే జేబు పట్టుకుంటాం!

*ప్రియము ఫ్రీయు నొక్క పేగున పుట్టెను*
*ధరను చూడ రెండు దవ్వు దవ్వు*
*ప్రేమ కట్టివేయ బిడ్డల నడుమను*
*ఫ్రీగ నుండువాడె ఫ్రీగ లేడు*

గణాల మేస్త్రి: కడుపున పుడతారు గానీ పేగున పుట్టేదేంది సామీ? యతి కోసం పేగు లాక్కొచ్చినారు.

నిర్వాహకుడు: పేగు తెంచుకుని పుట్టారు అంటాంగా, పేగుబంధం అంటాంగా. నిలుస్తుంది.

అలిపిరి మెట్టు: ముందు రెండు పాదాలు నిఘంటువు, వెనక రెండు సంసారం. నడుమ వంతెన ఏదీ?

నిర్వాహకుడు: ‘ప్రేమ’ మాటే వంతెన. ప్రియానికి అదే కదా తోబుట్టువు. చాలదంటే మీరొకటి కట్టండి. వచ్చే వారానికి తేటగీతి, ఆఖరి పాదం:

*హాటు హాటుగ త్రాగెద నైసు నీరు*

కారం, కోపం అందరికీ తట్టేవే. అవి వదిలి రాయండి.