పాస్ మార్కు ఎంత పెట్టాలో తేలట్లేదు, తెలిసినవాళ్ళు చెప్పండి

అడిగినవారు: అన్నా, మా గ్రూపు వాళ్ళం ప్రోగ్రామర్లకి సొంతంగా ఒక సర్టిఫికేషన్ పెడదామని 60 ప్రశ్నలు రాశాం. ఆదివారం ట్రయల్ పెడితే ఏళ్ల తరబడి కోడ్ రాస్తున్నవాళ్ళు కొంచెంలో ఫెయిలయ్యారు, కోర్సు సగంలో ఉన్న పిల్లలేమో పాసయ్యారు. పాస్ 70 శాతం పెట్టాం, 60కి దించుదాం అంటారు ఒకళ్ళు, కాదు 80 అంటారు ఇంకొకళ్ళు, సాయంత్రం 6 నుంచి ఇదే గొడవ, ఇప్పుడు ఒంటిగంట. ఎంత పెట్టాలి?

జవాబు 1: ఏ లాంగ్వేజ్? ఏ లెవెల్? ఎంతమంది రాశారు?

అడిగినవారు: పైథానే అన్నా. ఫ్రెషర్ లెవెల్. 24 మంది.

జవాబు 2: మార్కు సంగతి తర్వాత, ముందిది చెప్పండి, ప్రశ్నలు రాసినవాళ్ళే ఆ పిల్లలకి క్లాసులు చెప్తున్నారా? అమీర్‌పేటలో చాలాకాలం ట్రైనింగ్ ఇచ్చినవాడిగా అడుగుతున్నా. పాఠం చెప్పేవాళ్ళే పేపర్ పెడితే తెలియకుండానే హింట్లు పోతాయి. మనుషుల్ని సర్టిఫై చేసే సంస్థలకి ఐఎస్ఓ 17024 అని స్టాండర్డే ఉంది, ట్రైనింగ్ పక్కన పెట్టుకుంటే నిష్పక్షపాతం దెబ్బతింటుందన్నదే అందులో పెద్ద పట్టు. మీరిచ్చే సర్టిఫికెట్‌ని రేపు ఎవడు నమ్మాలి?

జవాబు 3: సర్టిఫికెట్ వేరు, సర్టిఫికేషన్ వేరు అండి. కోర్సు చేశావని ఇచ్చేది సర్టిఫికెట్. ఎక్కడ నేర్చుకున్నా పని వచ్చా రాదా అని తేల్చేది సర్టిఫికేషన్, దానికి గడువుంటుంది. 1999లో మొదలైన లైనక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ప్రొఫెషనల్ సర్టిఫికేషన్లలో మొదటి మెట్టు కూడా 5 ఏళ్లే చెల్లుతుంది.

జవాబు 2: హెచ్ఆర్ వాళ్ళు రెండింటినీ సర్టిఫికెట్ అనే అంటారు, పేరు దగ్గర పట్టింపు ఎందుకు.

జవాబు 3: పట్టింపు కాదు, గడువు లేకపోతే పాత వెర్షన్ మీద పాసైనవాడు కూడా జీవితాంతం సర్టిఫైడ్ అని తిరుగుతాడు.

జవాబు 4: మార్కు అలా గాల్లోంచి పెట్టకండి. యాంగాఫ్ అని పద్ధతి ఉంది. బొటాబొటీగా పాసవ్వదగ్గ మనిషిని ఊహించుకుని, అలాంటివాళ్ళు 100 మంది ఉంటే ఈ ప్రశ్నకి ఎంతమంది రైట్ పెడతారు అని పని తెలిసినవాళ్ళు ఒక్కో ప్రశ్నకీ ఎవరికివారు అంకె రాస్తారు, అన్నిటి సగటే పాస్ మార్కు. కానీ ముందు ప్రశ్నలు చూడండి. మొత్తం మీద మంచి మార్కులొచ్చినవాళ్ళు తప్పు పెట్టి, తక్కువ వచ్చినవాళ్ళు రైట్ పెట్టిన ప్రశ్నలున్నాయా?

అడిగినవారు: 17వది అలాగే ఉంది. డిఫాల్ట్‌గా (వేరే లిస్ట్ ఇవ్వకపోతే) ఖాళీ లిస్ట్ వాడే ఫంక్షన్, ఇచ్చింది అందులో చేర్చి లిస్ట్ తిరిగిస్తుంది. మొదట 1 ఇచ్చి, మళ్ళీ 2 ఇచ్చి పిలిస్తే రెండోసారి ఏం వస్తుంది? మా జవాబుల కీలో 2 ఒక్కటే.

జవాబు 4: కీనే తప్పు. 1, 2 రెండూ వస్తాయి. ఫంక్షన్‌ని నిర్వచించే డెఫ్ లైన్ నడిచినప్పుడే ఆ లిస్ట్ ఒక్కసారి తయారవుతుంది, పిలిచిన ప్రతిసారీ కొత్తది రాదు. ఈ దెబ్బ తిన్నవాళ్ళు రైటే పెట్టారు, మీరు తప్పని కొట్టేశారు.

అడిగినవారు: రన్ చేశాం, నిజమే. ఇలాంటివి ఇంకో 4 దొరికాయి. థాంక్స్ అన్నా. యాంగాఫ్‌కి ఎంతమంది కూర్చోవాలి?

జవాబు 1: పరీక్ష ఇళ్లలో రాయించారా, ఒకచోట కూర్చోబెట్టారా?

జవాబు 2: క్లాసులు ఎవరు చెప్తున్నారో ఇంకా చెప్పలేదు.